అత్తయ్య గదిలో చలి

“పెట్టె మళ్ళీ మంచం కిందికి తొయ్యి, నాగశ్రీ” అన్నాడు సుధన్వ.

తొయ్యనన్నాను.

చీపురు ఇంకా నా చేతిలోనే ఉంది. అత్తయ్య మంచం కింద ఊడుద్దామని వంగి, ఆఫీసు ఫైళ్ళని ఇన్నాళ్ళూ నమ్మిన అట్టపెట్టెని బయటికి లాగి, మూత తీసి చూసి అలాగే నేలమీద కూలబడిపోయాను. లోపలున్నవి సీసాలు. ఒక్కొక్కదాన్నీ కాగితం చుట్టి, పక్కపక్కన పడుకోబెట్టి ఉంచాడు. మంచం కింద అలాంటి పెట్టెలు ఇంకా ఉన్నాయి.

మంచం మీద అత్తయ్య గోడవైపు తిరిగి నిద్రపోతోంది. ఒంటిమీద రెండు దుప్పట్లు, ఒక రగ్గు, మెడచుట్టూ మావయ్యగారి మఫ్లరు. బయట మే నెల. బందరులో మే నెల అంటే ఎలా ఉంటుందో ఎవరికీ చెప్పక్కర్లేదు.

పెళ్ళయిన ఇన్నేళ్ళలో మొగుణ్ణి ఆయన అనే అన్నాను, మనసులో కూడా. ఆ సీసాలు చూశాక అలా అనబుద్ధి కావడం లేదు. అందుకే సుధన్వ అంటున్నాను.

జబ్బ పట్టుకుని పెరట్లోకి తీసుకెళ్ళాడు. చప్పుడు కాకుండా పోట్లాడుకోవడం మా ఇంట్లో అందరికీ వచ్చిన విద్యే. మావయ్యగారు వీధి వరండాలో పేపరు చదువుతుంటారు, అత్తయ్య లోపల పడుకుని ఉంటుంది, మేమిద్దరం పెరట్లో గ్రైండరు పక్కన నిలబడి పళ్ళ బిగువున మాట్లాడుకుంటాం.

ఆ గ్రైండరు పెరట్లోకి ఎందుకొచ్చిందో నాకు అప్పుడు అర్థమైంది. ఇదివరకు వంటింట్లో, అత్తయ్య గది గోడకి ఆనుకుని ఉండేది. ఆ అదురుకి అమ్మకి నిద్ర పట్టడం లేదని సుధన్వే దగ్గరుండి బయట పెట్టించాడు. ఎండలో నిలబడి పిండి రుబ్బుకుంటూ, కొడుకంటే ఇలా ఉండాలి అనుకున్నాను. నా మొహం.

సిగ్గుపడతాడేమో అని చూశాను. సిగ్గుపడలేదు సరికదా, పాఠం మొదలెట్టాడు. అది సారా కాదట, బ్రాందీ కాదట. క్యాబర్నే, మెర్లో అనే రెండు రకాల ద్రాక్షలు కలిపి నాసిక్ వైపు తోటల్లో చేసిన ఎర్ర వైన్ అట. కొన్న రోజే తాగితే వగరుగా ఉంటుందట. ఏళ్ళ తరబడి పడుకోబెట్టి ఉంచితే ఆ వగరు విరిగి, లోపలి రుచి బయటికొస్తుందట. బిరడా ఎండకూడదు కనుక సీసా నిలబెట్టకూడదు. వేడి తగలకూడదు, వెలుతురు పడకూడదు, అదురు ఉండకూడదు. చల్లటి దేశాల్లో నేలమాళిగలుంటాయి. బందరులో రెండు గజాలు తవ్వితే ఉప్పునీళ్ళు పడతాయి, ఇక్కడ మాళిగ ఎక్కణ్ణించి వస్తుందని నన్నే అడిగాడు.

“అత్తయ్య గదిలో ఏసీ ఉందని సీసాలు పెట్టారా, సీసాల కోసం అత్తయ్య గదిలో ఏసీ పెట్టించారా?” అన్నాను.

కళ్ళజోడు తీసి బనీనుతో తుడుచుకున్నాడు. తుడిచి పెట్టుకున్నాడు. మళ్ళీ తీశాడు.

మాఘమాసంలో అత్తయ్య బాత్రూములో జారిపడి తొడ ఎముక విరిగింది. డాక్టర్ విజయ్ కుమార్ ఆపరేషన్ చేసి లోపల రాడ్డు వేశాడు. ఆస్పత్రి నుంచి ఇంటికి తెచ్చేసరికి ఆవిడ గదికి ఏసీ బిగించి ఉంది. కిటికీలకి నల్లటి దళసరి తెరలు వేలాడుతున్నాయి. వెలుతురు పడితే అమ్మకి తలనొప్పి అన్నాడు. కరెంటు పోతే ఏసీ ఆగకూడదని జనరేటర్ తెచ్చాడు. సాంబ్రాణి వెయ్యొద్దన్నాడు, పొగ పడదట. మంచం మీంచి కాలు కింద పెట్టనివ్వద్దని డాక్టరు గట్టిగా చెప్పాడన్నాడు. డాక్టరుతో మాట్లాడేది తనే కాబట్టి మేమందరం నమ్మాం. పరాసుపేటంతా నమ్మింది. మా వీధి ఆడవాళ్ళు వాళ్ళ కొడుకుల్ని తిట్టాలంటే సుధన్వ పేరెత్తి తిడుతున్నారు. ఆ పొగడ్త విన్నప్పుడల్లా తల వంచుకుని నవ్వేవాడు. వినయం అనుకున్నాను.

రిమోటు మీద అంకె పదహారు కంటే ఎప్పుడూ పైకి కదల్లేదు. చలేస్తోందిరా అని ఆవిడ అంటే, ముసలితనంలో చలి ఎక్కువ అని ఇంకో దుప్పటి కప్పేవాడు.

పెట్టెలైనా వీధిలో పెట్టండి, లేకపోతే అత్తయ్యనైనా హాల్లోకి మార్చండి, ఇవాళే జరగాలన్నాను. అతను గొంతు బాగా తగ్గించి, ఆఫీసులో కింది ఉద్యోగికి చెప్పినంత తాపీగా చెప్పాడు.

“సరే, వెళ్ళి అమ్మకి చెప్పు. ఇన్నాళ్ళూ మందు సీసాల మీద పడుకుని జపం చేసుకున్నావని చెప్పు. వాటి మీదే కూర్చుని ఏకాదశి ఫలహారం తిన్నావని చెప్పు. ఆ తర్వాత ఆవిడ చేత అన్నం తినిపించే పూచీ నీది.”



అత్తయ్య సంగతి నాకంటే అతనికే బాగా తెలుసు. అవనిగడ్డలో సొంత తమ్ముడి కూతురి పెళ్ళికి వెళ్ళి, విడిదింట్లో ఎవరో మగపెళ్ళివారు తాగారని తెలిసి, అక్షింతలు వేసి విస్తరి దగ్గర కూర్చోకుండా బస్టాండుకి నడిచి వెళ్ళిపోయిన మనిషి ఆవిడ. ఇంటికొచ్చి తలస్నానం చేసిందాకా మంచినీళ్ళు ముట్టలేదు. ఇప్పుడు ఒంట్లో షుగరుంది. రెండు పూటలు తిండి మానితే కళ్ళు తిరిగి పడిపోతుంది. చెబితే ఏం చేస్తుందో ఊహించుకోవడానికి నాకు భయమేసింది. ఆ భయాన్ని లెక్కలోకి తీసుకునే అతను పెట్టెలు అక్కడ పెట్టాడు. తల్లి మడిని సీసాలకి కాపలా పెట్టుకున్నాడు.

లోపలికొచ్చి ఆ పెట్టెని నేనే మంచం కిందికి తోశాను. చేతులు సబ్బు పెట్టి కడుక్కున్నా జిడ్డు వదలనట్టే అనిపించింది.

ఆ తర్వాత రెండు రోజులు మేం మాట్లాడుకోలేదు. కాఫీ గ్లాసు బల్ల మీద పెట్టేదాన్ని, తాగి వెళ్ళేవాడు. రిమోటు అతని జేబులో ఉంటోంది.

ఆదివారం మావయ్యగారు పాత శిష్యుడి గృహప్రవేశానికి చల్లపల్లి వెళ్ళారు. హెడ్మాస్టరుగా రిటైరైన శేషగిరిగారంటే ఈ చుట్టుపక్కల ఇప్పటికీ లేచి నిలబడేవాళ్ళున్నారు. తాగుడు మానమని ఊరూరా తిరిగి చెప్పిన మనిషి. కొడుకే బస్టాండులో దింపి వచ్చాడు. వచ్చీ రాగానే మేడ మీది గది ఊడిపించాడు, బల్ల మీద తెల్ల దుప్పటి పరిచాడు. మధ్యాహ్నం ఇద్దరొస్తున్నారని, జీడిపప్పు వేయించి పైకి తెమ్మని చెప్పాడు.

ఒకతను రత్నరాజు, నందివాడ వైపు చేపల చెరువులున్నాయి. సుధన్వ పనిచేసే ఎగుమతి కంపెనీకి సరుకు వేస్తాడు. రెండోవాడు డాక్టర్ విజయ్ కుమార్.

డాక్టరు పేరు వినకపోతే ఆ మెట్లు ఎక్కేదాన్నే కాదు. కుట్లు విప్పిన రోజు తర్వాత ఆయన్ని నేను చూడలేదు. అత్తయ్య కాళ్ళు రోజురోజుకీ సన్నబడుతున్నాయి. తొడ చర్మం నా పిడికిట్లోకి వచ్చేస్తోంది. ఆ మాట ఆయన్ని స్వయంగా అడగాలని ఉంది.

వాళ్ళు రావడానికి ముందు సుధన్వ అత్తయ్య గదిలోకి వెళ్ళి సీసాలు తీశాడు. నేను గుమ్మం బయట నిలబడి విన్నాను. ఫైళ్ళు కావాలమ్మా అన్నాడు. ఆదివారం కూడా పనేనా, ఒళ్ళు జాగ్రత్తరా నాన్నా అంది ఆవిడ. తువ్వాల్లో చుట్టుకుని, పసిబిడ్డని ఎత్తుకున్నట్టు రెండు చేతుల మీదా పట్టుకుని మెట్లెక్కాడు. అమ్మని ఆస్పత్రి నుంచి దింపినప్పుడు స్ట్రెచర్ అంత జాగ్రత్తగా పట్టుకోలేదు.

పళ్ళెం పట్టుకుని నేను పైకి వెళ్ళేసరికి వైన్‌ని గాజు కూజాలోకి వంపి ఉంచారు. గాలి తగలాలట. ముగ్గురి చేతుల్లోనూ పొడుగు కాడ గ్లాసులు. గ్లాసు తిప్పుతారు, ముక్కు లోపలికి దూర్చి పీలుస్తారు, ఒక గుక్క నోట్లో పోసుకుని బుగ్గలు ఆడిస్తూ పుక్కిలిస్తారు, కళ్ళు మూసుకుంటారు. ఆ తర్వాత ఉమ్ముతారు. తాగుబోతుల్ని చూశాను కానీ, ఇంత మర్యాదగా ఒకరి తర్వాత ఒకరు ఒకే గిన్నెలో ఉమ్మే పెద్దమనుషుల్ని చూడలేదు.

ఆ గిన్నె అత్తయ్యది. పాలు కాచుకునే ఇత్తడి గిన్నె. ఆవిడ మంచం పట్టాక నేనే చింతపండు పెట్టి తోమి, పై అరలో బోర్లించాను. అందులో ఎర్రటి నురగ తేలుతోంది. పళ్ళెం బల్ల మీద పెట్టి, కుర్చీ పట్టుకుని నిలబడ్డాను.

సుధన్వ చెప్పుకుపోతున్నాడు. నేరేడుపండు వాసన తెలుస్తోందా, దాని వెనక మిరియం ఘాటుందా, ఇంకాస్త వెనక పొగాకు ఉందా అని అడుగుతున్నాడు. రత్నరాజు పాపం ఉందండీ, ఉందండీ అంటున్నాడు. ఒక గుక్క మింగేసి, నేరేడు పిక్క కొరికినట్టు నాలిక పట్టేస్తోందండీ అన్నాడు. ఆ మాటకి సుధన్వ మొహం వెలిగిపోయింది. అదే, సరిగ్గా అదే అన్నాడు.

“క్యాబర్నే ఎముక. మెర్లో దాని మీద కండ. ఇప్పుడింకా ఎముక పైకి తెలుస్తోంది. కదపకుండా చీకట్లో పడుకోబెడితే చాలు, దానంతటదే మెత్తబడుతుంది” అన్నాడు.

కింద చీకట్లో, కదలకుండా పడుకుని ఉన్న మనిషి నాకు గుర్తొచ్చింది. వాళ్ళెవరికీ గుర్తు రాలేదు.

“డాక్టరుగారూ, మా అత్తయ్యని ఎప్పటినుంచి నడిపించమంటారు?” అని అడిగాను.

ఇప్పుడా ఆ విషయం అన్నాడు సుధన్వ. జీడిపప్పు పళ్ళెం డాక్టరు వైపు జరిపాడు.

విజయ్ కుమార్ గ్లాసు ముక్కు దగ్గరే ఆగిపోయింది. “ఎప్పటినుంచేవిటమ్మా? నడుస్తున్నారు కదా. వాకరు పట్టుకుని వీధి వరండా దాకా వస్తున్నారని సుధన్వ చెప్పాడే.”

ఆపరేషన్ అయిన నాటినుంచీ ఆవిడ పాదం నేలకి ఆన్చలేదని చెప్పాను. పడకలోనే అన్నీ నేనే చేస్తున్నానని చెప్పాను. మంచం దిగనివ్వద్దని మీరే అన్నారట కదా అని కూడా అన్నాను. ఆ మాట అంటూ సుధన్వని చూశాను. అతను కూజాని కిటికీ వెలుతురుకి ఎత్తి రంగు చూస్తున్నాడు.

డాక్టరు గ్లాసు కింద పెట్టాడు. ఆపరేషన్ అయిన మూడో నాటికే నిలబెట్టమన్నానని, పొద్దుటెండలో కూర్చోబెట్టమన్నానని, చేయించాల్సిన వ్యాయామం కాగితం మీద బొమ్మలు వేసి మరీ ఇచ్చానని చెప్పాడు.

“ఎముక ఎప్పుడో అతుక్కుందమ్మా. కండే కరిగిపోతోంది. ఇంకో నెల ఇలాగే ఉంచితే నేను కాదు, ఎవరొచ్చినా ఆవిణ్ణి మంచం దింపలేరు. శాశ్వతంగా అంతే.”

రత్నరాజు లేచి కిటికీ దగ్గరికెళ్ళి కింద తన కారు ఉందో లేదో చూసుకున్నాడు.

అయితే ఇప్పుడే కిందికి వచ్చి ఒక్కసారి ఆవిణ్ణి చూడండి అని డాక్టర్ని బతిమాలాను. మీరు చెబితే వింటుంది, మీరు నిలబెడితే నిలబడుతుంది అన్నాను. ఆయన చటుక్కున అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

“ఈ నోటితో ఆ మహాతల్లి దగ్గరికి ఎలా వస్తానమ్మా? అపచారం. రేపు పొద్దున్నే స్నానం చేసి వస్తాను.”

అని, గ్లాసు మళ్ళీ అందుకున్నాడు. దానికి మాత్రం ఏ అపచారమూ అడ్డు రాలేదు. ఆవిడ మడి మీద అంత గౌరవం ఉన్న మనిషి, ఆవిడ పాలగిన్నెలో ఇంకోసారి ఉమ్మాడు.

నేను మెట్లు దిగుతుంటే సుధన్వ వెనకే వచ్చాడు. మలుపు దగ్గర రెయిలింగు పట్టుకుని దారికి అడ్డంగా నిలబడ్డాడు. ఏమంటాడా అని చూశాను. తప్పయిపోయింది అంటే ఆ క్షణాన నేను నమ్మేసేదాన్నేమో. అనలేదు.

అమ్మ లేచి తిరిగితే రాత్రింబగళ్ళు ఏసీ ఎందుకని నాన్నగారు అడుగుతారన్నాడు. గదిలోంచి బయటికొస్తే వెనకాలే లైటు కట్టేసే మనిషి, ఆ రోజే కట్టేయిస్తారన్నాడు. సీసాలు పెట్టుకునే ప్రత్యేకం బీరువాలు దొరుకుతాయి కానీ, అలాంటిది ఇంటికి తెస్తే ఆయనకి ఏమని చెప్పనన్నాడు. అన్నీ ఆలోచించే చేశాడు. ఒక్కచోట కూడా ఆగి, తల్లి కాలు అనే మాట అనలేదు.

“వేసవి ఒక్కటీ దాటనీ. వర్షాలు పడగానే అమ్మని నేనే చెయ్యి పట్టుకుని నడిపిస్తాను. ఇప్పుడు వేడి తగిలిందంటే ఇన్నాళ్ళు దాచిందంతా ఉడికిపోతుంది.”

“మిమ్మల్ని చూస్తుంటే నాకు అసహ్యం వేస్తోంది” అన్నాను.

మెల్లిగా, పైన వినపడుతుంది అన్నాడు.

అతని చొక్కా జేబులోంచి రిమోటు లాక్కుని, పక్కనుంచి దిగి వచ్చేశాను. నా వెనక అతను పైకే వెళ్ళాడు. అతిథులున్నారు మరి.

అత్తయ్య మెలకువగానే ఉంది. చీకట్లో జపమాల తిప్పుకుంటోంది. గదిలోకి అడుగుపెట్టగానే నా చేతుల మీద రోమాలు నిక్కబొడుచుకున్నాయి. ఏసీ కట్టేశాను. నల్లతెర పట్టుకుని ఒక్క గుంజు గుంజితే మేకుతో సహా ఊడి వచ్చింది. కిటికీ గడియ నెలల తరబడి తియ్యక బిగుసుకుపోయింది. రోకలిబండ తెచ్చి రెండు దెబ్బలు కొడితే తెరుచుకుంది. వేడిగాలి, ఎండ, వీధిలో ఐస్‌క్రీము బండివాడి గంట, అన్నీ ఒక్కసారి లోపలికొచ్చాయి.

ఆవిడ మోచేత్తో కళ్ళు కప్పుకుంది. వెలుతుర్లో చూస్తే ఆవిడ ఎంత చిక్కిపోయిందో తెలిసింది. చర్మం తెల్లగా, నీళ్ళలో నానినట్టు ఉంది. కాసేపటికి చెయ్యి తీసి కిటికీలోంచి చూసింది. ఎదురింటివాళ్ళు గోడకి రంగు మార్చారే అంది. ఆ రంగు వేసి రెండు నెలలైంది.

వెంటనే భయపడింది. తెర వేసెయ్యమంది, వాడు చూస్తే బాధపడతాడంది. డాక్టరు పైనే ఉన్నారు, ఇవాళే నిలబెట్టమన్నారు అని చెప్పాను. పైనుంటే మరి ఇక్కడికి రాలేదేం అని అడిగింది. తొందరలో ఉన్నారన్నాను. ఆ అబద్ధం నా నోటిని కూడా మైల చేసింది.

దుప్పట్లు తీసి, వీపు వెనక చెయ్యి వేసి కూర్చోబెట్టాను. కాళ్ళు మంచం మీంచి కిందికి దింపబోతే నా మణికట్టు పట్టుకుంది. బలమంతా ఆ చేతిలోనే మిగిలినట్టుంది.

“వద్దమ్మా. నాకు నడవాలని లేదు.”

నొప్పికి భయపడుతోందనుకున్నాను. మొదటి రోజు కష్టంగా ఉంటుంది, నేను పట్టుకుంటాను, పడనివ్వను అని నచ్చజెప్పాను. ఆవిడ తల అడ్డంగా తిప్పింది. చెప్పడానికి కాస్త సిగ్గుపడింది కూడా.

“వాడు ఇంటర్లో చేరినప్పట్నుంచీ నా దగ్గర కూర్చున్నది లేదు, నాగశ్రీ. ఉద్యోగం వచ్చిందన్నా, ఇంకేం చెప్పినా గుమ్మంలో నిలబడే చెప్పాడు. ఇప్పుడు పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి తప్పకుండా వస్తున్నాడు. చల్లగా ఉందా లేదా అని చూస్తాడు. దుప్పటి సర్దుతాడు. ఇదిగో ఇక్కడ, మంచం పక్కన కింద కూర్చుంటాడు. నేను లేచి తిరిగితే ఇంకెందుకొస్తాడు? కాలు పోతే పోయిందిలే.”

నాకు ఏడుపు రాలేదు. ఒళ్ళంతా మండింది. వాడు మీకోసం రావడం లేదత్తయ్యా అన్న మాట నాలిక చివరిదాకా వచ్చింది. చెబితే ఈవిడ అన్నం మానేస్తుంది. చెప్పకపోతే కొడుకు పక్కన కూర్చుంటాడన్న ఆశతో బతికినంత కాలం మంచంలోనే ఉండిపోతుంది. రెండూ సుధన్వ తెచ్చిపెట్టినవే, ఎంచుకోవడం మాత్రం నా వంతు.

ఏం చెప్పాలో తేల్చుకునేలోపు మెట్ల మీద అడుగుల చప్పుడైంది. మేడ మీది గది కిటికీ పక్కనే ఏసీ బయటి మిషను ఉంటుంది. అది ఆగిపోవడం పైన వినిపించినట్టుంది.

సుధన్వ గుమ్మంలో నిలబడి ముందు ఏసీ వంక చూశాడు. తర్వాత కిటికీ వంక. తర్వాత మంచం కిందికి చూశాడు. ఎండ నేలమీద పరుచుకుని సరిగ్గా పెట్టెల అంచు దాకా వచ్చింది. నెలల తర్వాత వెలుతుర్లో కూర్చుని ఉన్న తల్లిని చూడలేదు.

రెండంగల్లో వచ్చి మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఒంగి మంచం కిందికి చెయ్యి పోనిచ్చి, లోపలి సీసాలు వేడెక్కాయేమో అని తడుముతున్నాడు.

అత్తయ్య మొహం విప్పారింది. తన కాళ్ళ దగ్గర వాలిన కొడుకు తల మీద చెయ్యి వేసింది. “నాకేం కాలేదు నాన్నా. కిటికీ తెరిస్తే ఇంత కంగారా? లే, లే” అంది. జుట్టు నిమిరింది. ఆ తల కింద అతని మోచెయ్యి ముందుకీ వెనక్కీ కదులుతోంది. ఇంత నీచం నా కళ్ళతో చూడాల్సి వస్తుందని ఎప్పుడూ అనుకోలేదు.

“అత్తయ్యా, కింద దేనికోసం వెతుకుతున్నాడో మీ అబ్బాయినే అడగండి” అన్నాను.

ఆవిడ నవ్వుతూనే వంగింది. ఏవిట్రా అని అడిగింది.

“ఆఫీసు ఫైళ్ళమ్మా. ఎండకి పాడవుతాయి” అని చెప్పడానికి సుధన్వ తలెత్తాడు.

ఇద్దరి మొహాల మధ్య జానెడు దూరం ఉంది. ఆ మాటతో పాటు ఆ వాసన ఆవిడ మొహాన కొట్టింది. కిటికీ దగ్గర నిలబడ్డ నాకే పుల్లగా తగిలింది.

అత్తయ్య చెయ్యి అతని జుట్టులో ఆగిపోయింది. కోప్పడుతుందనుకున్నాను, ఏడుస్తుందనుకున్నాను. ఆవిడ కొడుకు పెదాల వంక చూసింది, ఎర్రబారిన పళ్ళ వంక చూసింది. తర్వాత మెల్లగా చెయ్యి వెనక్కి తీసుకుని, చీర కొంగుకి వేళ్ళు ఒక్కొక్కటే తుడుచుకుంది. మంచం కింద ఏముందని మళ్ళీ అడగలేదు.

“నన్ను లేవదియ్యి, నాగశ్రీ. ఈ మంచం మీద నేనింక ఉండను.”

అమ్మా పడిపోతావంటూ సుధన్వ లేచి ఆవిడ రెండో చెయ్యి అందుకోబోయాడు. ముట్టుకోకు అంది. గొంతు పెంచలేదు. వాడి పేరు కూడా పలకలేదు.

నేను రెండు చంకల కిందా చేతులు వేసి పైకెత్తాను. పాదాలు నేలకి ఆనాయి. చీర కుచ్చిళ్ళు ఊగిపోయేంతగా మోకాళ్ళు వణుకుతున్నాయి. ఆవిడ బరువంతా నా మీదే ఉంది. ఎదురుగా గుమ్మం, గుమ్మం అవతల హాలు, హాలు అవతల వీధి వరండా. ఆవిడ వాటినే చూస్తోంది. నుదుటి మీద చెమట పట్టింది.

“వదులు. నేను నిలబడతాను” అంది.

నేను చేతులు తీసేశాను.